ధర్నాలో కూర్చున్న పెద్దాయన ఫోటో తీయాలంటే

బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో ఏదైనా ధర్నా జరుగుతున్నప్పుడు కెమెరాలన్నీ ఎటు తిరుగుతాయో ఒకసారి గమనించండి. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలోనో, నేల మీద పరిచిన టార్పాలిన్ మీదనో ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు, తెల్ల జుట్టు, ముడతలు పడ్డ మొహం, చేతిలో ప్లకార్డు, ఇంకేం కావాలి, పది మంది చుట్టూ మూగి టకటకా తీసుకుని పక్కకి వెళ్లిపోతారు. సాయంత్రానికి ఆ మొహం వందల ఫోన్లలో తిరుగుతుంది. ఆయన పేరేంటి, ఏ ఊరి నుంచి ఎన్ని గంటలకి బయల్దేరి వచ్చాడు, అసలు ఏం అడుగుతున్నాడు, ఇవేవీ ఆ ఫోటో కింద ఉండవు.

నేనూ కొన్నేళ్లు అలాగే తీశాను. ఒకసారి ఖద్దరు చొక్కా వేసుకుని గాంధీ టోపీ పెట్టుకున్న ఒకాయన్ని తీసి ‘స్వాతంత్ర్య సమరయోధుడు’ అని రాసి పెట్టేశాను. అడగలేదు, చూడగానే అలా అనిపించింది, అంతే. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మాయి మెసేజ్ పెట్టింది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, పీఎఫ్ కనీస పెన్షన్ 2014 నుంచి నెలకి వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయిందని, దాన్ని 7,500 చేయమని అడగడానికి వచ్చాడు. ‘జైలుకెళ్లింది మా తాత అండీ. నాన్న ఆ రోజు ఆయన టోపీ పెట్టుకుని వచ్చాడు. మీరు రాసింది చూసి, మా నాన్న పేరు నేను దొంగిలించినట్టయింది కదమ్మా అని ఒకటే బాధపడుతున్నాడు’ అని రాసింది.

ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మంచి ఉద్దేశంతోనే రాశాను గానీ ఒకే ఫోటోతో ఇద్దరికి అన్యాయం చేశాను, తాత చేసిన పోరాటాన్ని ఆయన పేరు లేకుండా చేశాను, కొడుకు అడుగుతున్నది వినపడకుండా చేశాను. ఆ తర్వాత నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. బెంగళూరులో ఉండి, కెమెరా గానీ ఫోన్ గానీ పట్టుకుని ఇలాంటి చోట్లకి వెళ్లాలనుకునే తెలుగువాళ్ల కోసం.

1. వెళ్లే ముందు ఆ చోటు గురించి తెలుసుకోండి

2021 నుంచి బెంగళూరులో ధర్నాలు, నిరసనలు ఫ్రీడమ్ పార్కులోనే చేసుకోవాలని రూలు. చాలా ఊరేగింపులు రైల్వే స్టేషన్ దగ్గర మొదలై అక్కడికే వస్తాయి. మెట్రోలో వచ్చేవాళ్లు మెజెస్టిక్‌లో దిగి నడిచి వెళ్లిపోవచ్చు.

ఆ పార్కు ఒకప్పుడు సెంట్రల్ జైలు. ఖైదీలని పరప్పన అగ్రహారలోని కొత్త జైలుకి మార్చాక దాన్ని పార్కు చేశారు, పాత గోడలు, మధ్యలో కాపలా బురుజు ఇంకా ఉన్నాయి. మీరు ఫోటో తీస్తున్న మనిషి వెనకాల కనిపించే ఆ బురుజు ఉత్త బ్యాక్‌గ్రౌండ్ అనుకోకండి. సమరయోధుడు హెచ్.ఎస్. దొరెస్వామి గారు 1942 క్విట్ ఇండియా రోజుల్లో అరెస్టయి 14 నెలలు ఉన్నది ఈ జైల్లోనే. ఎమర్జెన్సీలో ఆయన్ని మళ్లీ జైల్లో పెట్టారు. 1918లో పుట్టిన మనిషి, 2021 మేలో 103 ఏళ్ల వయసులో పోయారు, నూరేళ్లు నిండాక కూడా ఖద్దరు బట్టల్లో వచ్చి ధర్నాల్లో కూర్చునేవారు.

మన తెలుగువాళ్లకి ఇంకో పేరు గుర్తుండాలి. స్నేహలతా రెడ్డి. నెల్లూరు కవి పఠాభి గారి భార్య, నాటకాల మనిషి, నటి. ఎమర్జెన్సీలో 1976 మేలో అరెస్టు చేసి ఎనిమిది నెలలు ఇక్కడే ఉంచారు. ఉబ్బసంతో ఊపిరాడక నలిగిపోయింది ఆవిడ. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలిన ఐదు రోజులకే, 20వ తేదీన, చనిపోయింది. నేను అక్కడికి ఎప్పుడు వెళ్లినా ముందు ఒక ఐదు నిమిషాలు కెమెరా బ్యాగులోనే ఉంచి ఆ పాత గోడల వెంబడి నడుస్తాను. అలా నడిచాక తీసే ఫోటో వేరుగా ఉంటుంది, ఎందుకో నేను చెప్పలేను గానీ మీరు చేసి చూడండి.

అక్కడికి దగ్గర్లోనే మైసూర్ బ్యాంక్ సర్కిల్ ఉంది. 1942లో విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు, అమరుల స్మారకం కూడా ఉంది. రోజూ బస్సులో దాటిపోతూ చూడం. టైముంటే అది కూడా చూసి రండి.

2. వయసు లెక్క వేసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా తప్పంతా ఇక్కడే జరిగింది. 1942లో 18 ఏళ్లున్న మనిషికి ఇప్పుడు నూరు దాటి ఉండాలి. అంటే మీ ఎదురుగా ఉన్న డెబ్భై ఐదేళ్ల మనిషి స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొని ఉండే అవకాశమే లేదు, ఆయన ఆ తరానికి కొడుకు. కానీ 1975లో ఆయన పాతికేళ్ల కుర్రాడు, ఎమర్జెన్సీ మొత్తం చూసినవాడు, లోపలికి వెళ్లొచ్చినవాడు కూడా కావచ్చు. ఎనభై ఐదేళ్ల మనిషైతే 1947లో ఆరేడేళ్ల పిల్లాడు, నాన్న వేలు పట్టుకుని ఏదో ఊరేగింపు చూసి ఉంటాడు. ఒక్కొక్కరికి ఒక్కో కథ. అన్నిటికీ ఒకే బిరుదు తగిలించేస్తే ఎవరి కథా మిగలదు.

అందుకే నేను ఇప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, ‘మీకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది తాతా?’ అని. వినడానికి వింతగా ఉంటుంది, అందరికీ ఒకే తేదీ కదా అనిపిస్తుంది. బెంగళూరులో ఉన్న తెలుగు పెద్దవాళ్లని అడిగి చూడండి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఆగస్టు 15 అంటారు, అప్పటికి అది బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఒక్క క్షణం ఆగి 1948 సెప్టెంబరు 17 అంటారు. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు వాళ్లకైతే అది మైసూరు సంస్థానం. ఢిల్లీలో జెండా ఎగిరాక కూడా ఇక్కడ మహారాజు పాలనే నడిచింది, ప్రజా ప్రభుత్వం కావాలని 1947 సెప్టెంబరులో ‘మైసూరు చలో’ అని జనం మళ్లీ రోడ్డు మీదికి వచ్చారు, మళ్లీ జైళ్లు నిండాయి, అక్టోబరులో గానీ మహారాజు దిగిరాలేదు. అప్పుడు మైసూరుకి మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డి గారిది కోలారు జిల్లా క్యాసంబళ్లి.

ఇదే ప్రశ్న చింతామణి నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘తేదీ నాకు తెల్దప్పా. మా నాయన భుజాల మీద కూర్చోబెట్టుకోని పోయినాడు, పెట్రోమాక్స్ లైట్లు ఉండె, అందరూ అరుస్తా ఉండారు, నేను నిద్రపోయినా’ అన్నాడు. అది చెప్తున్నప్పుడు ఆయన మొహంలోకి వచ్చిన వెలుగుని తీశాను చూడండి, నా దగ్గరున్న వాటిల్లో నాకు బాగా ఇష్టమైన ఫోటో అదే. ముడతలు వెతుక్కుంటూ పోయి ఉంటే అది దొరికేది కాదు.

విదురాశ్వత్థం పేరు వినపడితే చెవులు రిక్కించి వినండి. గౌరిబిదనూరు దగ్గర, మన హిందూపురానికి దగ్గరే. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. 30 మందికి పైనే పోయారని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. అక్కడ వీరసౌధ అనే స్మారకం ఉంది, ఒక ఆదివారం వెళ్లి రావచ్చు. కర్ణాటక జలియన్‌వాలాబాగ్ అంటారు దాన్ని, అటువైపు తెలుగు ఇళ్లల్లో ఇంకా ఆ మాటలు నడుస్తుంటాయి, మన పిల్లలకి మాత్రం ఆ పేరే తెలీదు.

3. ధర్నా దేని గురించో పూర్తిగా తెలుసుకోండి

స్టేజీ వెనకాల ఉన్న ఫ్లెక్సీ చదవడం చాలదు. కరపత్రం ఒకటి అడిగి తీసుకోండి, కన్నడం రాకపోతే పక్కనున్న వాళ్లతో చదివించుకోండి. డిమాండు ఏంటి, ఎవరిని అడుగుతున్నారు, ఎప్పటి నుంచి అడుగుతున్నారు, ఈ మూడూ తెలిశాకే కెమెరా తీయండి.

దేవనహళ్లి దగ్గర చన్నరాయపట్న హోబళి (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) రైతుల విషయమే చూడండి. 13 ఊళ్లు, 1,777 ఎకరాలు, పరిశ్రమల కోసం తీసుకుంటామని ప్రభుత్వం అంది. 2022 ఏప్రిల్‌లో ధర్నా మొదలుపెట్టారు, మూడేళ్లకి పైగా కూర్చున్నారు, 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణ వదిలేస్తున్నామని ప్రకటించారు. ఆ మూడేళ్లలో అక్కడ కూర్చున్న అవ్వలని ఎంతమంది తీశారో లెక్కే లేదు. ఆ ఫోటోల్లో ఎన్నిటికి 1,777 అనే అంకె తోడుగా ఉందో వెతికి చూడండి. అంకె లేకపోతే ఆ అవ్వ ఎండలో కూర్చున్న ఒక ముసలావిడ మాత్రమే. అంకె ఉంటే ఎకరాల కోసం నిలబడ్డ రైతు.

4. ముందు కూర్చోండి, తర్వాత అడగండి

వెనక నుంచి వచ్చి భుజం తట్టకండి. చాలామందికి ఒక చెవి సరిగ్గా వినపడదు, ఉలిక్కిపడతారు. ఎదురుగా రండి, కింద కూర్చోండి, కెమెరా ఒళ్లో పెట్టుకోండి. మీ పేరు, మీ ఊరు చెప్పండి. మా ఊరు ఫలానా అనగానే సగం పని అయిపోతుంది, వాళ్ల చుట్టం ఎవరో ఒకరు ఆ వైపు ఉండనే ఉంటారు. తెలుగువాళ్లో కన్నడిగులో తెలియకపోతే ‘తాతా’ అని పిలవండి, పాత మైసూరు వైపు కన్నడంలో కూడా తాత అనే అంటారు. ఆడవాళ్లయితే తెలుగులో ‘అవ్వా’, కన్నడంలో ‘అజ్జీ’. ‘ఒందు ఫోటో తెగీలా తాత?’ అంటే చాలు, ఆ మాత్రం కన్నడం బెంగళూరులో ఉండేవాళ్లం మనం నేర్చుకోవాలి.

అడిగేటప్పుడు ఫోటో ఎక్కడికి వెళ్తుందో కూడా చెప్పండి. ‘ఇది ఫోన్లలో చాలామంది చూస్తారు, మీ పేరు కూడా రాస్తాను, పర్వాలేదా?’ అని విడమరిచి అడగండి. తల ఊపితే సరే అన్నట్టు కాదు, సౌండులో మీ మాట వినపడక కూడా ఊపుతారు. పక్కన కొడుకో కోడలో ఉంటే వాళ్లతో కూడా ఒక మాట అనండి, కానీ జవాబు మాత్రం ఆ పెద్దమనిషి నోటి నుంచే రావాలి. వాళ్ల తరఫున వాళ్ల పిల్లలు ఒప్పుకోవడం నాకు నచ్చదు. వద్దంటే వద్దు. నవ్వి, నీళ్ల బాటిల్ ఏదైనా ఉంటే ఇచ్చి లేచి రండి.

ఒక పది నిమిషాలు ఏమీ తీయకుండా కూర్చుంటే ఏమవుతుందంటే, వాళ్లు మిమ్మల్ని మర్చిపోతారు. ‘ఏమప్పా, పొద్దున్నించి ఈడే ఉండావే, తిన్న్యావా?’ అని అడుగుతారు చూడండి, అప్పుడు కెమెరా ఎత్తండి.

ఒకటి మాత్రం చేయకండి, దండం పెడతాను. ‘తాతా, చెయ్యి ఎత్తండి, పిడికిలి బిగించండి, ఇంకోసారి నినాదం ఇవ్వండి’ అని చేయించకండి. అరిగిన భుజంతో ఆయన మీ కోసం నాలుగుసార్లు చెయ్యెత్తుతాడు, మొహమాటానికి. కొంగు సర్దమనడం, టోపీ పెట్టుకోమనడం, కళ్లజోడు తీయమనడం కూడా ఇలాంటివే. నిజంగా చెయ్యెత్తే క్షణం వస్తుంది, దాని కోసం కాచుకుని ఉండండి.

5. వెలుతురు సంగతి

ధర్నాలు పొద్దున పదకొండుకి ఊపందుకుంటాయి, మధ్యాహ్నం రెండు దాకా నడుస్తాయి, అంటే ఫోటోకి పనికిరాని ఎండంతా అప్పుడే. కళ్ల కింద గుంటలు పడతాయి, తలపాగా ఉంటే సగం మొహం నల్లగా వస్తుంది. ఇక్కడ నాకు అక్కరకొచ్చిన ఉపాయం ఒకటుంది. ఆయన చేతిలో తెల్ల ప్లకార్డు ఉంటుంది కదా, దాన్ని ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎండ దాని మీద పడి కింది నుంచి మొహం మీదికి మెత్తటి వెలుగు వస్తుంది. స్టూడియోలో రిఫ్లెక్టర్ చేసే పనే. ఆ సమయానికి మీరు ఎదురుగా నేల మీద కూర్చుని ఉంటే చాలు. న్యూస్ పేపర్ చదువుతున్నా అంతే.

షామియానా కింద ఇంకో బాధ. ఎర్రటి గుడ్డ అయితే మొహాలన్నీ ఎర్రగా, నీలం గుడ్డ అయితే జ్వరం వచ్చినవాళ్లలా వస్తాయి. ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా తనంతట తాను రంగులు సరిచేసుకోవడం, దాన్ని సరిగ్గా పట్టుకోదు. ఎవరిదైనా తెల్ల పంచె మీద కెమెరా పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోండి, పంచె షామియానా కిందే ఉండాలి సుమా, బయట ఎండలో ఉన్నది కాదు. ఫోన్‌లో అంత కుదరదు, షామియానా అంచున కూర్చున్నవాళ్లని ఎంచుకోండి, అక్కడ పక్క నుంచి మంచి వెలుగు వస్తుంది. రెండూ కుదరకపోతే బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. ఊరికే పాతకాలపు లుక్ రావాలని మాత్రం చేయకండి, వాళ్లు అడుగుతున్నది ఇవాళ్టి సంగతి.

తెల్ల బట్టలు, నల్లటి మొహం, ఈ రెండూ ఒకే ఫ్రేములో ఉంటే కెమెరా తడబడుతుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, మైనస్ 0.7 దాకా, పంచె మీద నేత కనపడేలా తీసుకుని తర్వాత మొహం నీడలు కొంచెం పైకి తెచ్చుకోవచ్చు, రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) అయితే హాయిగా వస్తుంది. ఫోన్‌లో అయితే మొహం మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుగు గుర్తుని కొంచెం కిందికి లాగండి. మొహాన్ని తెల్లగా చేసే బ్యూటీ మోడ్‌లు ముందే ఆఫ్ చేసుకోండి. ఎండలో పనిచేసి వచ్చిన రంగు అది, దాన్ని తుడిచే హక్కు మనకి లేదు.

షట్టర్ స్పీడు సెకనులో 1/250 కంటే తగ్గకండి, పెద్దవాళ్ల చేతులు కొంచెం వణుకుతాయి. నినాదాలప్పుడు 1/500 ఉంచండి. ఫ్లాష్ అసలు వద్దు, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు చాలామందివి.

6. ఫ్రేములో ఏం ఉండాలి

మీ లెన్సు వాళ్ల కళ్లకి సమానంగా ఉండాలి. కుర్చీలో ఉంటే మోకాళ్ల మీద, నేల మీద ఉంటే నేల మీద. పై నుంచి తీస్తే ఎంతటి మనిషైనా బిచ్చం అడుగుతున్నట్టు కనిపిస్తాడు. 35 ఎంఎం గానీ 50 ఎంఎం గానీ లెన్సు చాలు, దూరం నుంచి పెద్ద లెన్సుతో లాగడం వల్ల మొహం బాగా వస్తుందేమో గానీ చుట్టూ ఉన్న జనం పోతారు, ఆయన ఒంటరి అయిపోతాడు. ఆయన ఒంటరిగా రాలేదు కదా.

పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. వెనకాలంతా మసక చేసేస్తుంది, కళ్లజోడు అంచులు తినేస్తుంది, ప్లకార్డు మీద అక్షరాలు చెరిపేస్తుంది. కెమెరా అయితే ఎపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) ఎఫ్ 5.6 దగ్గర ఉంచండి. ప్లకార్డు మీది మాట పూర్తిగా చదవగలిగేలా ఉండాలి, సగం అక్షరాలు వేలి వెనక ఉంటే ఒక్క అడుగు పక్కకి జరగండి, ప్లకార్డుని జరపమని అడగకండి. ఆ కన్నడ వాక్యానికి అర్థం ఏంటో రాసుకోండి.

చేతులు తీయండి. ప్లకార్డు కర్ర పట్టుకున్న వేళ్లు, మడిచి మడిచి చిరిగిపోవచ్చిన అర్జీ కాగితం, నడుముకి చెక్కుకున్న మందుల కవరు, టిఫిన్ డబ్బా. ఒకాయన పంచె చెంగున మూడు నాలుగు ముడులు వేసుకుని ఉంటే ఎందుకు తాతా అని అడిగాను. మీటింగులో మాట్లాడాల్సిన పాయింట్లు మర్చిపోకుండా ఒక్కోదానికి ఒక్కో ముడి వేసుకున్నాడట. మైకు దగ్గర నిలబడి ఒక్కో పాయింటు చెప్పి ఒక్కో ముడి విప్పుతుంటే నేను ఆ చేతులే తీశాను, మొహం తీయనే లేదు.

దగ్గరగా తీసిన ప్రతిదానికీ ఒక వెడల్పాటి ఫోటో కూడా తీసుకోండి, చుట్టూ ఎవరున్నారో కనపడేలా. ఇది ఎందుకు చెప్తున్నానో చివర్లో వస్తుంది.

7. పాత ఫోటోలు, తామ్రపత్రాలు తెచ్చినప్పుడు

ఆగస్టు 15 చుట్టుపక్కల, ఇంకా కొన్ని ధర్నాల్లో, వాళ్ల నాన్నదో మామదో ఫ్రేము కట్టిన ఫోటో తెచ్చి పట్టుకుంటారు. అద్దం మీద ఆకాశమంతా మెరిసిపోయి లోపలి మొహం కనపడదు. పైభాగాన్ని ఒక్క రెండు వేళ్ల మందం ముందుకి వంచమనండి, ఇది మాత్రం అడగొచ్చు, మెరుపు పోతుంది. కుదిరితే ఇద్దరి కళ్లూ ఒకే వరసలోకి వచ్చేలా, ఫ్రేములోని నాన్న, పట్టుకున్న కొడుకు. పాతవాళ్లని గౌరవించడం అంటే ఏంటో అలాంటి ఫోటోలో మాటలు లేకుండా అర్థమవుతుంది.

కొందరి ఇళ్లల్లో తామ్రపత్రం ఉంటుంది, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో ప్రభుత్వం సమరయోధులకి ఇచ్చిన రాగి రేకు. చూపిస్తామని ఇంటికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసుకోండి, చెక్కిన అక్షరాలు లేచి నిలబడతాయి. కెమెరా వెనక నల్లటి దుప్పటో చీరో ఎవరినైనా పట్టుకోమంటే రేకులో మీ నీడ, కిటికీ కనపడవు. ఫోటోకి మెరవాలని చింతపండుతో తోమబోతారు, మన ఇళ్లల్లో రాగి అంటే అంతే కదా, చప్పున ఆపండి. యాభై ఏళ్ల రంగు పోతుంది, అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

పాత జైలు కాగితాలు, ఉత్తరాలు ఉంటే ల్యామినేషన్ చేయించొద్దని కూడా చెప్పండి. అది చేశాక వెనక్కి తీయడం కుదరదు. ముందు వైపు, వెనక వైపు రెండూ ఫోటో తీయండి, వెనకాల పెన్సిల్‌తో రాసిన తేదీయే చాలాసార్లు అసలు విషయం.

8. రాసుకోండి

నోటుబుక్ లేకపోతే ఫోన్లో రికార్డు చేయండి, అడిగి. పేరు ఎలా రాయాలో వాళ్లనే పలకమనండి. ఊరు, తాలూకా, వయసు, చేసిన పని, ఈ ధర్నాకి ఎందుకొచ్చారు. ఇంకా ఒక ప్రశ్న, ‘మీరు మొట్టమొదట వెళ్లిన ధర్నా ఏది?’ దీనికి వచ్చే జవాబులు వింటే ఒక్కోసారి పుస్తకం రాయొచ్చు అనిపిస్తుంది.

ఫోటో కింద రాసేటప్పుడు ఆయన గురించి మీకేమనిపించిందో ఆపేసి, ఆయన ఏమన్నాడో పెట్టండి. ‘78 ఏళ్లు, రిటైర్డ్ మెకానిక్, మాలూరు. పెన్షన్ 7,500 చేయాలని అడగడానికి ఫ్రీడమ్ పార్కుకి వచ్చారు. పెట్టుకున్న టోపీ తండ్రిది, ఆయన 1942లో జైలుకి వెళ్లారని కుటుంబం చెప్పింది.’ ఇంతే. తండ్రి విషయం కాగితం చూసి రాస్తే అలా రాయండి, ఇంట్లో చెప్పగా రాస్తే ‘కుటుంబం చెప్పింది’ అని రాయండి. ఆ ఒక్క ముక్క తేడా వల్ల రేపు ఎవరైనా వెతికినప్పుడు మీ ఫోటో సాక్ష్యంగా నిలబడుతుంది.

9. పెట్టకుండా ఉంచాల్సినవి

కళ్లు తిరిగి పడిపోయినప్పుడు, పోలీసులు ఎత్తుకెళ్తున్నప్పుడు బట్ట తొలగితే, ఏడుస్తూ మొహం దాచుకుంటే, అప్పుడు కెమెరా దించండి, చెయ్యి అందించండి. పోలీసులు తీయొద్దంటే అక్కడ వాదనకి దిగకండి, మీ వల్ల మొదట తోపులాటలో నలిగేది పక్కనున్న పెద్దవాళ్లే. ధర్నా జరుగుతుండగానే పెట్టేయకుండా ఇంటికొచ్చి పెట్టండి. వాళ్ల ఇంట్లో తీసినవైతే లొకేషన్ సమాచారం తీసేశాకే పెట్టండి. పెట్టాక ఎవరైనా ఫోన్ చేసి తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి.

10. ప్రింట్ ఇచ్చి రండి

ఇది చేయకపోతే పైనవన్నీ చేసి లాభం లేదనేది నా అభిప్రాయం. వాట్సాప్‌లో పంపిస్తే మనవడి ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఆరు ఇంచుల ఎనిమిది ఇంచుల ప్రింట్, మ్యాట్ పేపర్ మీద, రెండు కాపీలు వేయించండి. వెనకాల పేరు, తేదీ, చోటు, డిమాండు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్నుతో నొక్కి రాస్తే గీతలు ముందు వైపుకి తేలతాయి. ఫైళ్లు రెండు చోట్ల దాచండి, ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉండే ఎవరి దగ్గరైనా. బాగా రానివి కూడా చెరిపేయకండి.

దేవనహళ్లి వైపు ఒక అవ్వకి ఇలాగే ప్రింట్ తీసుకెళ్లాను. భూమి దక్కింది అన్న వార్త వచ్చిన తర్వాత వెళ్లాను, గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫోటో అందుకుని చాలాసేపు చూసింది, కొంగుతో తుడిచింది, వెనకాల రాసింది మనవరాలితో చదివించుకుంది. తర్వాత, ‘మా చెల్లెలు కూడా నా పక్కనే కూర్చుండేది నాయనా, దినామూ వచ్చేది. పోయినేడు పోయింది. దాని ఫోటో ఒకటీ లేదు’ అంది.

ఇంటికొచ్చి ఆ రోజు తీసినవన్నీ తెరిచాను. దగ్గరగా తీసిన ఇరవై ఫోటోల్లోనూ అవ్వ ఒక్కతే ఉంది. వెడల్పుగా తీసిన మూడిట్లో, రెండోదాంట్లో, ఎడమ వైపు చివర, పచ్చ చీరలో ఒకావిడ అవ్వ చెవిలో ఏదో చెప్తూ నవ్వుతోంది. ఫోకస్ కొంచెం తప్పింది. దాన్నే కత్తిరించకుండా మొత్తం ప్రింట్ వేయించి, పేరు రాయడానికి వెనకాల ఖాళీ ఉంచి, మరుసటి ఆదివారం మళ్లీ దేవనహళ్లి బస్సెక్కాను.